తుంగవాగు నాచు తీయించిన సంగతి

మత్స్యశాఖలో కొత్తగా చేరినవాళ్ళకు చేపల గురించి చెప్తారు, వలల గురించి చెప్తారు, చెరువు లోతు ఎలా చూడాలో చెప్తారు. నాచు గురించి మాత్రం ఒకే ముక్క చెప్తారు: వలకు అడ్డం, తీసేయించు. నేను చేరినప్పుడు నాకూ అదే చెప్పారు. నా కింద పనిచేసినవాళ్ళకు నేనూ కొంతకాలం అదే చెప్పాను. చెప్పడం ఎందుకు మానేశానో ఇక్కడ రాస్తున్నాను.

నాది హుజూరాబాద్ దగ్గరి పల్లె. పోలీసు చర్య జరిగిన రెండు మూడేళ్ళకు, ఇంకా హైదరాబాద్ రాష్ట్రం ఉండగానే, ఫీల్డ్‌మన్‌గా చేరాను. ఆంధ్రప్రదేశ్ వచ్చాక ఇన్‌స్పెక్టర్నయ్యాను. కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో నేను మోకాటి లోతున దిగని వాగు తక్కువ. ఏ ఏడు ఏ కుర్చీలో కూర్చున్నానో రాయను. అది పెన్షన్ ఆఫీసువాళ్ళకు కావాలి గాని మీకెందుకు?

ఒక్క హెచ్చరిక మాత్రం చేస్తాను. రిటైరైనవాడు రాసేదాన్ని పూర్తిగా నమ్మకండి. తన తప్పును చిన్నది చేసి, పక్కవాడి తప్పును పెద్దది చేసి రాసుకునే తీరిక వాడికి చాలా ఉంటుంది. నన్నూ ఆ కళ్ళతోనే చదవండి.

సాహెబు చెప్పిన చదువు

నా మొదటి పై అధికారి హుసేనీ సాహెబు. నిజాం కాలం నౌకరీ మనిషి. తెల్లటి పైజామా మోకాళ్ళ దాకా మడిచి, బూట్లు చేత పట్టుకుని చెరువులో దిగేవాడు. ఆయన ఎవరినీ నమ్మేవాడు కాదు. బెస్తవాళ్ళను నమ్మడు, పటేళ్ళను నమ్మడు, చేపపిల్లల కుండలు మోసుకొచ్చే నన్ను అసలే నమ్మడు. ప్రతి కుండలో చెయ్యి పెట్టి కలియబెట్టి, బతికినవెన్నో చచ్చినవెన్నో తన కళ్ళతో చూసుకున్నాకే సంతకం పెట్టేవాడు.

ఒకసారి హుస్నాబాద్ వైపు ఒక చెరువు మీద ఫిర్యాదు వచ్చింది. చెరువు పట్టుకున్న రంగయ్య అనే ఆసామి నెత్తీనోరూ కొట్టుకుంటూ వచ్చాడు. పక్క ఊరివాళ్ళు రాత్రికి రాత్రి వల వేసి చేపలన్నీ ఎత్తుకుపోయారట. నేను చెరువు వైపు నడవబోతే సాహెబు నా రెక్క పట్టి ఆపాడు. నేరుగా రంగయ్య ఇంటికి పోయి, దూప అవుతుందని మంచినీళ్ళు అడిగాడు. వాళ్ళు నీళ్ళు తెచ్చేలోగా ఇంటి వెనక్కి నడిచాడు. అక్కడ స్నానాల నీళ్ళు పోయే జాలాట్లో రాళ్ళకు అతుక్కుని పిడికెడు పొలుసు ఉంది. పక్కనే మూడు పిల్లులు కడుపులు వేలాడేసుకుని పడుకుని ఉన్నాయి.

"రంగయ్యా, నీ చేపలు దొరికినయ్ పో," అన్నాడు సాహెబు. "నీ జాలాట్లనే ఉన్నయ్."

భాగస్థులకు పంచాల్సి వస్తుందని రంగయ్యే ముందుగా పట్టించి అమ్ముకున్నాడు. తిరుగు దారిలో సాహెబు నాకు పాఠం చెప్పాడు.

"ఫిర్యాదు పట్టుకొచ్చినోని ఇల్లు ముందు సూడు. చెరువు తర్వాత సూడు. షక్ జేస్తే నీకేం నుక్సాన్ లేదు. షక్ జెయ్యకపోతేనే నౌకరీ పోతది."

నేను ఆ అనుమానం పాఠాన్ని మనసుకు పట్టించుకున్నాను. పదేళ్ళు దాని మీదే బతికాను. బొచ్చె పిల్లలని చెప్పి జెల్ల పిల్లలు అంటగట్టేవాళ్ళను పట్టాను. ఒక్క చూపుతో దొంగ ఎవరో చెప్పగలనని పేరు తెచ్చుకున్నాను. ఆ పేరంటే నాకు ప్రాణం. పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందంటారు. నాకూ మెల్లగా ఆ జబ్బే పట్టింది. సాహెబు చదువు మంచి చదువే. అయితే ఆయన అందరినీ అనుమానించాడు గాని శాఖను మాత్రం ఒక్కనాడూ అనుమానించలేదు. నేనూ అంతే.

తుంగవాగు

నస్పూర్ అవతల అడవి గుట్టల్లో పుట్టి గోదావరిలో కలిసే ఒక వాగు ఉంది. అసలు పేరు రాయను, తుంగవాగు అందాం. వానాకాలం గోదావరి పొంగినప్పుడు రవ్వలు, బొచ్చెలు ఈ వాగులోకి ఎదురెక్కి వస్తాయి. ఎండాకాలం వాగు తెగిపోతుంది. లోతున్న చోట మడుగులు మాత్రం మిగుల్తాయి. వాటిలో పెద్ద మడుగుకు కింద ఊట ఉండేది కాబట్టి ఉగాది దాటినా నీళ్ళు చల్లగా ఉండేవి. ఎదురెక్కి వచ్చిన చేపల్లో పెద్దవి అక్కడే వానల దాకా దాక్కునేవి.

ఆ మడుగు నిండా నాచు. నేను చెప్పేది నీళ్ళ మీద తెట్టెలా తేలే పచ్చటి పాచి కాదు. ఇది వేళ్ళు అడుగు బురదలో పాతుకుని, ఒళ్ళంతా నీళ్ళ కిందే పెంచుకునే మొక్క. వేలెడు పొడుగు ఆకు, అంచులు కుచ్చిళ్ళు పెట్టినట్టు ముడతలు ముడతలుగా ఉంటాయి. వేళ్ళ మధ్య నలిపితే కరకరమంటుంది. పూత పట్టినప్పుడు మాత్రం చిన్న కంకి నీళ్ళ పైకి తల ఎత్తుతుంది. దసరా దాటి నీళ్ళు తేటపడ్డాక మొదలై, శివరాత్రికి మడుగు అడుగు కనబడకుండా అల్లుకుంటుంది. వాగు పారుతున్నంత కాలం వాలు వైపు తలలు పెట్టి పడుకుంటుంది. నీళ్ళు నిలిచాక నిటారుగా లేస్తుంది.

ఆ ఏడు ఎండాకాలం, వాగు తెగిపోయాక, మా శాఖకు తల్లి చేపలు కావలసి వచ్చాయి. గుడ్లు పెట్టే పెద్ద చేపలను పట్టి, మా తొట్లలో ఉంచి, పిల్లలను తీయించే కొత్త పద్ధతి అప్పుడే వస్తోంది. హైదరాబాద్ నుంచి పెద్దసారు వస్తున్నారని, ఆయన ఎదుట తుంగవాగులో లాగుడు వల వేసి చూపించాలని నాకు హుకుం వచ్చింది. ఆ నాచులో వల వేస్తే చేపకు బదులు బండెడు గడ్డి వస్తుంది. తీసేయించాలనుకున్నాను.

ఆ మడుగు మీద హక్కు బెస్తవాళ్ళ సంఘానిది. పోశం వాళ్ళ పెద్ద. మాట తక్కువ, పని ఎక్కువ మనిషి. పోశం తల్లి గంగవ్వ మాత్రం మాటల్లో కొడుక్కి పూర్తిగా ఎదురు. నేను నాచు తీయాలనగానే ముసలామె అల్లుతున్న వల పక్కన పెట్టింది.

"సారూ, వాగు పారేటప్పుడు నాసు తీస్తే ఏం గాదు. నీళ్ళు నిలిసినంక ముట్టద్దు. మా మామ ముట్టనియ్యకపోతుండె."

"ఎందుకు ముట్టద్దవ్వా?"

"ఎందుకో నాకేమెర్క? మా మామ జెప్పిండు, నేను జెప్తున్న. ముట్టద్దంటే ముట్టద్దు."

కారణం చెప్పలేని మాటంటే నాకు వెంటనే అనుమానం. ముసలిది ఆ నాచులో ఏదో దాస్తోందనుకున్నాను. సంఘానికి తెలియకుండా నీళ్ళ కింద బుట్టలు పెట్టి చేపలు పట్టేవాళ్ళను అంతకుముందు చూసి ఉన్నాను.

"నాసు తీస్తే మీ దొంగ బుట్టలు బయటపడ్తయనా అవ్వా నీ భయం?" అన్నాను.

పది మంది ముందు అన్నాను. గంగవ్వ నన్ను ఎగాదిగా చూసింది. కొంగు దులుపుకుని లేచి వెళ్ళిపోయింది. అది గుమ్మడికాయ దొంగ భుజాలు తడుముకోవడమేనని నేను లోలోపల మురిసిపోయాను.

తాడుకు ముళ్ళకంప కట్టి, రెండు గట్ల మీదా మనుషులు నిలబడి మడుగు అడుగున ఈడ్చడం నాచు తీసే పద్ధతి. రెండు రోజులు ఈడ్చారు. నాచు కుప్పలు కుప్పలుగా లేచింది. తడి నాచు బరువు మోసినవాడికే తెలుసు. రెండో రోజు పొద్దు వాలుతుండగా పోశం నా దగ్గరికి వచ్చాడు.

"నాసు గడ్డకెయ్యాల్నా సారూ? ఇంక రెండు దినాలు పడ్తది."

"రెండు దినాలు ఏడియి పోశం? ఎల్లుండి పెద్దసారు వస్తుండు. ఆ మూలకు నూకుండ్రి. సారు వచ్చిపోయినంక నిమ్మళంగ తీద్దాం."

పోశం ఒక్క క్షణం నిలబడ్డాడు. తర్వాత మనుషులను పిలిచి, తీసిన నాచునంతా మడుగు కింది మూలకు నెట్టించాడు. పైనుంచి చూస్తే నీళ్ళు అద్దంలా కనిపించాయి. నాకు చాలా సంతోషమైంది.

పెద్దసారు రాలేదు. ఏదో మీటింగు పడిందని కబురు వచ్చింది. నాచు సంగతి నేను మర్చిపోయాను.

పొద్దున్నే తేలినవి

తర్వాత మూడు రోజులు మబ్బు పట్టింది. వాన లేదు, గాలి లేదు. ఒకటే ఉక్కపోత. నాలుగో రోజు పొద్దున పోశం తమ్ముడు సైకిల్ మీద నా క్వార్టరుకు వచ్చాడు. నిలబడి రొప్పుతున్నాడు.

"మడుగంత తెల్లగైంది సారూ. చేపలన్ని ఎల్లెలకల పడ్డయి."

నేను వెళ్ళేసరికి ఊరంతా గట్టు మీద ఉంది. రవ్వలు, బొచ్చెలు, చెయ్యంత పొడుగువి, నోళ్ళు తెరుచుకుని, మొప్పలు విప్పుకుని తేలుతున్నాయి. మాకు కావలసిన తల్లి చేపలే అవి. ఇంకో రెండు నెలలైతే కడుపు నిండా గుడ్లు ఉండేవి. బెస్త ఆడవాళ్ళు ఏడుస్తున్నారు. వానల దాకా ఆ ఊరు నమ్ముకున్నది ఆ మడుగునే. నాకూ బాధ వేసింది. అబద్ధం చెప్పను, అందులో సగం నా పేరు ఏమవుతుందనే భయం.

ముందు నా అనుమానం దగ్గర్లోని బొగ్గు గని కాలనీ మీదికి పోయింది. అక్కడి కొందరు గనిలోంచి తోటాలు దాచి తెచ్చి, సెలవు రోజు మడుగుల్లో పేల్చి చేపలు పడతారని అందరూ అనేవారు. రెండు చేపలను కోసి చూశాను. తోటా పేలితే లోపలి గాలితిత్తి పగులుతుంది, వెన్ను విరుగుతుంది. ఇక్కడ తిత్తి నిండుగా ఉంది, వెన్ను చెక్కుచెదరలేదు. కాబట్టి తోటా కాదు. మందు అనుకున్నాను.

అప్పుడే పోశం నాకు ఒక సంగతి చూపించాడు.

"ఇంత మడుగుల ఒక్క కొర్రమట్ట తేలకపోవుడేంది సారూ? అంగట్ల దానికున్న గిరాకి దేనికి లేదు. ఏరుకపోయిండు సారూ, ఎవడోగాని. మంచియి ఏరుకొని మనకు గివి ఇడిసిపెట్టిండు."

నిజమే. చచ్చినవాటిలో కొర్రమట్ట, అంటే కొర్రమీను, ఒక్కటి కూడా లేదు. ఇంకోటి కూడా నేను చూశాను. చచ్చినవన్నీ పెద్దవే. వేలెడేసి పరక చేపలు గుంపులు గుంపులుగా నీళ్ళ పైకి వచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి గాని బతికే ఉన్నాయి. ఈ రెండు సంగతులూ చూసినవాడు, మన శాఖలో ఆరు నెలలు పనిచేసినా చాలు, అక్కడే ఆగాలి. నేను ఆగలేదు. పెద్దవాటి కోసమే మందు పెట్టాడు, కొర్రమట్టలు ఏరుకుపోయాడు అని లెక్క తేల్చేశాను. ఇక ఆ మనిషి ఎవరో తేలాలి.

మంగకాయల గంప

పెద్ద మడుగుకు ఎగువన చిన్న గోండు గూడెం ఉంది. అందులో మడుగుకు దగ్గరగా ఉన్న గుడిసె జంగుది. ముప్పై ఏళ్ళుంటాయి. కొంచెం జొన్న, కొంచెం అడవి మీద బతికేవాడు. నేను, పోశం, ఇంకో నలుగురం వెళ్ళేసరికి గుడిసె ముందు గంపెడు మంగకాయలు ఎండుతున్నాయి. మంగకాయ దంచి నీళ్ళలో కలిపితే చేప మత్తెక్కి తేలుతుందని వాగుల మీద తిరిగే ప్రతివాడికీ తెలుసు.

"ఇవి ఎందుకు?" అన్నాను.

"జొన్నల్ల పురుగు వట్టకుంట ఏస్తం, సాబ్."

"వాగుల గూడ ఏస్తరు గద?"

"ఏస్తం," అన్నాడు జంగు. దాచలేదు. "గూడెం మొత్తం పోతం. పట్ల జెప్పిన దినం పోతం. ఆడోళ్ళు దంచుతరు, మొగోళ్ళు కలుపుతరు. ముందు దేవునికి పాలు, తర్వాత ఇంటింటికి పాలు. ఒక్కడు ఎయ్యనీకి రాదు, సాబ్. ఒక్కడేసి ఒక్కడే తింటే గూడెంల ఉండనియ్యరు."

పట్ల అంటే వాళ్ళ గూడెం పెద్ద, పాలు అంటే వాటా. నేను నవ్వాను. దొంగలందరికీ ఆచారాలు గుర్తొచ్చేది పట్టుబడ్డప్పుడే అన్నాను.

జంగు మడుగు వైపు చెయ్యి చూపించాడు. "గంత పెద్ద మడుగుకు గీ గంపెడు కాయ సాల్తదా? బరోబరి జూడు. మందు ఏస్తే ముందు సిన్నయి సస్తయి. మడుగుల సిన్నయి బతికున్నయి గద సాబ్."

ఆ మనిషి నాకు కావలసిన జవాబు అరచేతిలో పెట్టాడు. నేను దాన్ని ఎలా విన్నానో చూడండి. ఇంత తెలిసినవాడే వేసి ఉండాలి అనుకున్నాను. తెలియదంటే దాస్తున్నాడు, తెలుసంటే చేశాడు. అనుమానం ముదిరితే ఎదుటివాడికి నోరు తెరిచే దారే ఉండదు.

ఆ రోజే ఫిర్యాదు రాసి ఠాణాలో ఇచ్చాను. ఠాణా పెద్ద అమీన్‌సాబ్ ఇద్దరు జవాన్లను పంపాడు. జంగును తీసుకుపోతుంటే అతని భార్య భీంబాయి మంగకాయల గంప ఎత్తి తెచ్చి నా కాళ్ళ దగ్గర దబ్బున పెట్టింది.

"గిది గూడ తీస్కపో," అంది. "ఇంట్ల ఇంకేం లేదు."

ఫిర్యాదులో సాక్ష్యం కింద ఆ గంపను కూడా రాయించాను.

నీళ్ళ పైకి వచ్చిన తల

తల్లి చేపలు ఇంకా కావాలి. వారం తర్వాత తుంగవాగు వెంట పైకి నడిచి ఇంకో మడుగు చూశాను. చిన్నది, నాచు ఎవరూ ముట్టనిది. మబ్బు విడిపోయి ఎండ కాస్తోంది. రాయి మీద కూర్చుని నీళ్ళలోకి చూశాను. ప్రతి ఆకు మీదా చిన్న చిన్న బుడగలు. ఒక్కొక్కటీ విడివడి పైకి లేస్తోంది. ఆ నాచు నీడలో రెండు రవ్వలు కదలకుండా, హాయిగా ఉన్నాయి. ఎండలో నాచు నీళ్ళలోకి ప్రాణవాయువు వదులుతుందని ట్రైనింగులో చెప్పారు. నేను పరీక్షలో రాశాను కూడా. పరీక్ష అయ్యాక మర్చిపోయాను.

అక్కడి నుంచి పెద్ద మడుగుకు దిగాను. చేతులు కడుక్కుందామని వంగితే కంపు కొట్టింది. కింది మూలలో నేను నెట్టించిన నాచు నల్లగా కుళ్ళి, ముద్దలు ముద్దలుగా ఉంది. కట్టెతో కదిపితే అడుగు నుంచి మురుగు బుడగలు బుసబుసమన్నాయి. నాకు ఇంకా తెలియలేదు. ఇంకొకరి తప్పు అనుకుంటే ముక్కు బాగా పనిచేస్తుంది గాని, మన తప్పు దగ్గర అదీ పనిచేయదు.

అప్పుడు నీళ్ళ మధ్య ఒక తల పైకి వచ్చింది. పాము తలలాంటి తల. ఒక గుక్క గాలి మింగి లోపలికి పోయింది. కాసేపటికి అవతల ఇంకోటి. తర్వాత ఇంకోటి.

కొర్రమట్టలు. ఎవడో ఏరుకుపోయాడని మేం రాసిన కొర్రమట్టలన్నీ మడుగులోనే ఉన్నాయి.

అప్పుడు తెలిసింది. కొత్తవాళ్ళ కోసం విడమరిచి రాస్తాను. నిలిచిన నీళ్ళలో నాచు కోసి అక్కడే వదిలేస్తే అది కుళ్ళుతుంది. కుళ్ళేటప్పుడు నీళ్ళలోని ప్రాణవాయువును తినేస్తుంది. పగలు వాయువు వదలడానికి బతికున్న నాచేమో లేదు. దానికి తోడు మబ్బు పట్టి గాలి స్తంభిస్తే, తెల్లవారేసరికి నీళ్ళలో ఊపిరి ఉండదు. పెద్ద చేపకు ఎక్కువ ఊపిరి కావాలి కాబట్టి ముందు అది చస్తుంది. చిన్నది పైపొరలో ఉన్న కొంచెంతో బతుకుతుంది. కొర్రమట్ట పైకి వచ్చి మనలాగే గాలి పీలుస్తుంది కాబట్టి దానికి చావు లేదు. మందు పెట్టినవాడెవడూ లేడు. ఒక ఇన్‌స్పెక్టరు ఉన్నాడు, అంతే.

సాహెబు సూత్రం ప్రకారం ఫిర్యాదు తెచ్చినవాడి ఇల్లు ముందు చూడాలి. ఫిర్యాదు ఇచ్చింది నేను.

ఇంకొకటి కూడా రాయాలి, సిగ్గుగా ఉన్నా సరే. అప్పుడు మొదట నాకు వచ్చిన ఆలోచన ఠాణాలో ఉన్న జంగు గురించి కాదు. ఈ సంగతి ఇంకెవరికి తెలుసు అన్నదే. పోశం ముఖం గుర్తుకు వచ్చింది. గడ్డకెయ్యాల్నా అని అడిగి ఒక్క క్షణం నిలబడ్డాడే, అతనికి తెలుసా? తెలిసే ఊరుకున్నాడా? చూశారా, అప్పుడు కూడా నా వేలు ఇంకొకడి వైపే లేచింది.

చివరికి గంగవ్వ దగ్గరికి పోయాను. ఆమె వల అల్లుతూ తల ఎత్తలేదు.

"అవ్వా, తప్పు నాదే. నాసు వల్లనే సచ్చినయి. నువ్వు జెప్పినా నేను ఇనలే."

"నన్ను దొంగదాన్నన్నవు."

"అన్న. తప్పైంది."

"నాకు జెప్తే ఏమస్తది సారూ?" అంది ముసలామె దారం పళ్ళతో తెంపుతూ. "ఠాణల కూసున్నోనికి జెప్పు."

పేరు లేని రిపోర్టు

మా జిల్లా అధికారి కోస్తా నుంచి బదిలీ మీద వచ్చిన మనిషి. చెడ్డవాడు కాదు. నేను జరిగిందంతా చెప్తే కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"నీకేమన్నా పిచ్చా? కాలం బాగోక నీళ్ళు పాడయ్యాయి, చేపలు చచ్చాయి, మందు జాడ లేదు అని రాయి. వాణ్ణి వదిలేస్తారు. నాచు నేనే తీయించాను, నేనే కుళ్ళబెట్టాను అని ఎందుకు రాస్తావు? రేపు నీ ఉద్యోగం పోతే నీ పిల్లలకి ఆ జంగు కూడు పెడతాడా?"

నాకు అప్పటికి ఇద్దరు పిల్లలు. ఆయన చెప్పినట్టే రాశాను. ప్రతి మాటా నిజమే, నేను మాత్రం అందులో లేను. మీ చేతికి ఇలాంటి రిపోర్టు వస్తే ఒక్క పని చేయండి. మీ ఆఫీసులో అలాంటివి బీరువాల నిండా ఉంటాయి. నీళ్ళు పాడయ్యాయి అని ఉంటే, పాడు చేసినవాడి పేరు ఎక్కడుందో వెతకండి. దొరకకపోతే రాసినవాడినే అడగండి.

తొమ్మిదో రోజున జంగును వదిలేశారు. నేను అమీన్‌సాబ్ ఎదురుగానే ఉన్నాను. ఆయన జంగుతో ఎందుకు పట్టారో చెప్పలేదు, ఎందుకు వదులుతున్నారో చెప్పలేదు.

"పో ఇగ. మళ్ళ గిటు దిక్కు రాకు," అన్నాడు అంతే.

జంగు నా ముఖంలోకి చూశాడు. నేను ఫైలు చూస్తున్నట్టు తల వంచుకున్నాను. పీడ వదిలిందనుకున్నాను.

గూడెంలో

నెల తిరగకముందే అంగట్లో గంగవ్వ కనిపించింది. గంప దించి నన్ను పక్కకు పిలిచింది.

"సర్కారు ఇడిసిపెట్టింది గని, జంగును గూడెం ఇడిసిపెట్టలే సారూ. ఒక్కడే మందేసి ఒక్కడే తిన్నడని ఎలేసిన్రు. నిప్పు ఇస్తలేరు, నీళ్ళు ఇస్తలేరు. మొన్న గూడెమంత వేటకు పోతే ఆని ఇంటికి పాలు రాలే."

"మందేసినట్టు వాళ్ళకెవరు చెప్పిన్రు? వదిలిపెట్టిన్రు గద!"

"ఎవరు జెప్పాలె? నువ్వే జెప్పినవు గద. సదువుకున్న సర్కారోడు అబద్ధమెందుకు ఆడుతడని అందరు నమ్మిన్రు."

ఆ మాట నన్ను కొట్టినంతగా, బతుకులో ఎవరి తిట్టూ కొట్టలేదు. జీవితమంతా నేను ఒక్క మనిషినీ నమ్మలేదు. నేను మొహమైనా సరిగా చూడని ఆ గూడెం, నా మాట నమ్మి, తన మనిషిని వెలేసుకుంది.

మర్నాడు ఒక్కడినే వెళ్ళాను. పోశం వస్తానంటే వద్దన్నాను. గూడెం మధ్య ఇప్పచెట్టు కింద పట్ల కూర్చుని ఉన్నాడు. ఎముకల గూడులాంటి ముసలివాడు. నేను వచ్చిన సంగతి తెలిసి మెల్లగా అందరూ చేరారు. జంగు దూరంగా తన గుడిసె గోడకు ఆనుకుని నిలబడ్డాడు. భీంబాయి లోపలి నుంచి బయటికి రాలేదు.

దారి పొడవునా మాటలు కూడబెట్టుకుంటూ వచ్చాను. అక్కడ నిలబడ్డాక అవేవీ పనికి రాలేదు.

"జంగు మందెయ్యలే," అన్నాను. "మడుగుల నాసు నేనే తీయించిన. తీసిన నాసు గడ్డకెయ్యకుంట నీళ్ళల్లనే పెట్టిచ్చిన. అది కుళ్ళి నీళ్ళల్ల ఊపిరి లేకుంట జేసింది. చేపలను సంపింది నేను. జంగు మీద అబద్ధం జెప్పింది గూడ నేనే."

పట్ల నా మాటలను గోండు భాషలో మిగిలినవాళ్ళకు చెప్పాడు. చాలాసేపు చెప్పాడు. మధ్యలో ఒకరిద్దరు ఏదో అడిగారు. చేపలు పెద్దవే చచ్చాయా అని ఒక ముసలామె నన్నే అడిగింది. అవునన్నాను. ఆమె తల ఊపి పక్కావిడతో ఏదో అంది. అందరూ జంగు వైపు తిరిగారు. పట్ల చెయ్యి ఎత్తి పిలిచాడు. జంగు వెంటనే రాలేదు. రెండోసారి పిలిస్తే వచ్చాడు. పట్ల పక్కకు జరిగి, తన చాప మీద చోటు చూపించాడు. జంగు కూర్చున్నాడు. ఎవరో ముంతతో నీళ్ళు తెచ్చి ఇచ్చారు. పని అయిపోయింది, ఇక వెళ్ళవచ్చనుకున్నాను.

అప్పుడు పట్ల నా వైపు తిరిగాడు. అతని గొంతులో కోపం లేదు, ఎగతాళి లేదు. తెలియక అడుగుతున్న మనిషి గొంతు అది.

"నువ్వు జెప్పినవని జంగును తీస్కపోయిన్రు. తొమ్మిది దినాలు పెట్టిన్రు. ఇప్పుడు సంపింది నువ్వే అంటున్నవు. మరి నిన్నెవరు తీస్కపోతరు, సాబ్?"

అందరూ నా జవాబు కోసం చూస్తున్నారు. జంగు కూడా.

నన్ను ఎవరూ తీసుకుపోలేదు. ఆ తర్వాత చాలా ఏళ్ళు అదే శాఖలో, అవే వాగుల మీద ఉద్యోగం చేశాను. ఉద్యోగం దిగిపోయిన రోజున మెడలో దండ వేసి, ఒక్క మచ్చ లేని సర్వీసు అని మైకులో చెప్పారు.